మంత్రసాని హాల్దిస్, మంచుబొరియలో ఒక పగలు

మా తెస్‌దాల్ లోయలో ఒక వయసు దాటిన వాళ్ళలో సగం మందిని మొట్టమొదట చేతుల్లోకి తీసుకున్న మనిషి హాల్దిస్. పొట్టిగా, వెడల్పుగా ఉండేది. మాట కరుకు. పేకాటలో మోసం చేసేది. పట్టుబడితే సిగ్గుపడకపోగా, "కళ్ళు పెట్టుకుని చూసుకోవాల్సింది నువ్వు, నన్నంటావేం?" అని ఎదురు తిరిగేది. పెళ్ళి చేసుకోలేదు. అడిగిన వాళ్ళు ఇద్దరున్నారనీ, పురుళ్ళ మధ్య తీరిక దొరక్క ఇద్దరినీ వద్దన్నాననీ తనే చెప్పుకునేది. అందులో నిజమెంతో ఎవరికీ తెలియదు.

ఆమె తండ్రిది చిన్న కమతం. చలికాలంలో పైనున్న పీఠభూమి మీద ఉచ్చులు పన్ని, మంచుకోళ్ళు పట్టి అమ్మేవాడు. ఏటా మొదటి పెద్ద మంచు పడగానే ఆడా మగా తేడా లేకుండా పిల్లలందర్నీ పశువుల కొట్టం వెనక పేరుకున్న మంచుదిబ్బ దగ్గరికి తోలుకెళ్ళి, తలా ఒక పార ఇచ్చేవాడు. ఎవరి బొరియ వాళ్ళే తవ్వుకోవాలి. మధ్యాహ్నం తిండి అందులో కూర్చునే తినాలి. తల్లి గుమ్మంలో నిలబడి, "పిల్లల్ని కనమంటే నేను కన్నాను, ఈయనేమో వాళ్ళని నక్కల్లా పెంచుతున్నాడు" అని గొణిగేది. హాల్దిస్ ఆరో ఏట తవ్విన బొరియ పైకప్పు కూలి ఆమె మీదే పడింది. తండ్రి కాళ్ళు పట్టి బయటికి లాగి, బట్టలు దులిపి, పార మళ్ళీ చేతికిచ్చాడు. "గాలితో దెబ్బలాటకి దిగకమ్మా. దానికి వేరే పనేం లేదు. నీకుంటుంది" అన్నాడు.

ఇరవై మూడో ఏట బెర్గెన్ పట్నం వెళ్ళి ఏడాది మంత్రసాని చదువు చదివి వచ్చింది. మా తెస్‌దాల్, అవతలి వ్రోలి, రెండింటికీ ఆమె ఒక్కతే. రెండు లోయల మధ్యా చెట్టన్నది లేని పీఠభూమి. సముద్రపు పాయ వెంబడి చుట్టు తిరిగి పోయే రోడ్డొకటి ఉంది గాని, చలికాలమంతా కొండచరియల మంచు జారిపడి అది మూసుకుపోయే రోజులే ఎక్కువ. మంచు మీద జారే స్కీ చెక్కలు తొడుక్కుని పైనుంచి పోతే, వాతావరణం అనుకూలిస్తే ఆరు గంటలు. ఆమె వీపు సంచిలో పురుటి సామాను అడుగున పిడి కోసి పొట్టి చేసిన పార, తాడు, నాలుగు కొవ్వొత్తులు ఎప్పుడూ ఉండేవి. 

"పురుడు పోసే మనిషికి పారెందుకమ్మా, గొయ్యి కూడా నువ్వే తవ్వుతావా?" అని ఒక పెళ్ళిలో ఎవడో కుర్రాడు ఎగతాళి చేశాడు. "అందరికీ కాదులే. నీకైతే ఊరికే తవ్విపెడతా" అంది.

పందొమ్మిది వందల ముప్ఫై తొమ్మిది ఫిబ్రవరిలో ఆమె వ్రోలిలో ఒక కాన్పు ముగించుకుని చేతులు కడుక్కుంటూ ఉండగా టెలిఫోన్ వచ్చింది. ఇక్కడ తెస్‌దాల్‌లో ఆమె తమ్ముడు తారాల్ భార్య సున్నివాకి నెల ముందే నొప్పులు మొదలయ్యాయని. హాల్దిస్ కాఫీ కూడా తాగకుండా బయల్దేరింది. సగం దారిలో గాలివాన లాంటి మంచుతుఫాను కమ్మింది. బొరియ తవ్వుకుని లోపలికి దూరింది. పదిహేను గంటల తర్వాత తుఫాను తెరిపిచ్చాక దిగి వచ్చేసరికి, మగపిల్లవాడు పుట్టి, ఊపిరి తీసుకోకుండానే పోయి ఆరు గంటలయింది. బిడ్డ మెడకు బొడ్డుపేగు చుట్టుకుంది. చెయ్యి తిరిగిన మనిషి పక్కన ఉంటే బతికేవాడేమో, ఉన్నా బతికేవాడు కాదేమో. డాక్టరు కూడా అంతకంటే ఏమీ చెప్పలేకపోయాడు.

సున్నివాకి మాత్రం అనుమానమేమీ లేదు. "నా బిడ్డ ఊపిరాడక పోతుంటే ఆవిడ కొండ మీద హాయిగా పడుకుంది" అంది. చావు పరామర్శకి వచ్చిన వాళ్ళ ముందే అంది. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆడబిడ్డతో మాట్లాడలేదు. రెండిళ్ళ మధ్య నాలుగువందల అడుగులు. చర్చిలో ఒకరు కుడివైపు కూర్చుంటే రెండోవారు ఎడమవైపు. తారాల్ ఇద్దరి మధ్యా నలిగి, మెల్లగా ఇద్దరితోనూ మాట తగ్గించేశాడు. సున్నివాకి అంతకుముందు పుట్టిన ఆడపిల్ల ఒక్కతే మిగిలింది. మళ్ళీ కడుపు పండలేదు.

హాల్దిస్ తన తరఫున ఒక్క మాటా చెప్పుకోలేదు. ఊళ్ళో కొందరు దాన్ని పొగరన్నారు, కొందరు తప్పు ఒప్పుకోవడమన్నారు. ఆమె పురుళ్ళు పోస్తూనే ఉంది.

యాభై ఒకటి ఏప్రిల్ చివరి వారంలో వ్రోలి నుంచి మళ్ళీ టెలిఫోన్. ఈసారి నొప్పులు సున్నివా చెల్లెలు డాగ్నికి. వయసు ముప్ఫై ఎనిమిది, తొలి కాన్పు. మొగుడు ఐవిన్ గొంతు వణికిపోతోందని ఎక్స్ఛేంజిలో కూర్చునే అమ్మాయి చెప్పింది. రోడ్డు మీద ముందురోజే మంచు జారిపడింది. హాల్దిస్ తెల్లారి ఐదింటికి స్కీలు తొడుక్కుని వాకిట్లోకి వచ్చేసరికి, గేటు దగ్గర సున్నివా నిలబడి ఉంది. ఆమె కూడా స్కీలు తొడుక్కునే ఉంది. వీపున సంచి ఉంది. తారాల్‌కి నడుం పట్టేసి మంచం దిగలేని రోజులవి. లేకపోతే మొగుణ్ణే తోడు తీసుకుపోయేది.

"నేను నీతో రావడం లేదు. నా చెల్లెలి దగ్గరికి పోతున్నా. దారొకటే అయింది, ఏం చెయ్యను" అంది సున్నివా, మంచు వైపు చూస్తూ.

"దారి ఎవడబ్బ సొత్తూ కాదు. నా జాడలో రా, అలుపు తక్కువ" అంది హాల్దిస్.

మూడు గంటలు ఎక్కారు. ఒక్క మాట లేదు. హాల్దిస్ ఆగినప్పుడు సున్నివా ఇరవై అడుగుల వెనక ఆగేది. హాల్దిస్ కదిలితే కదిలేది. పీఠభూమి మీదికి చేరేసరికి ఎండ కాస్తోంది, కళ్ళు చెదిరే తెలుపు. నైరుతి మూల మాత్రం ఆకాశం అడుగున బూడిదరంగు గీత ఒకటి ఉంది. హాల్దిస్ దాన్ని చూసింది. వెనక్కి తిరిగితే గాలికి ఎదురెళ్ళాలి. ముందుకు పోతే మూడు గంటలు. ముందుకే పోయింది. ఆ నిర్ణయం తప్పేనని తర్వాత తనే చెప్పింది.

పది కాకముందే గాలి వచ్చింది. మొదట నేల మీద మంచుపొడి పాముల్లా పారింది. తర్వాత నేలా ఆకాశం ఒకటైపోయాయి. తన స్కీల కొసలు తనకే కనబడ్డం మానేశాయి. వాగు ఒడ్డున, గాలికి చాటుగా ఎత్తైన మంచు దిబ్బ ఉన్నచోట హాల్దిస్ ఆగింది. స్కీ కర్రని దిబ్బలోకి అడ్డంగా గుచ్చింది. పిడి దాకా దిగింది, రాయి తగల్లేదు. ఇంకో రెండుచోట్ల గుచ్చి చూసి, సంచి దించింది.

వెనకనుంచి సున్నివా వచ్చి దాదాపు ఢీకొట్టింది. "ఎందుకాగావ్?"

"తవ్వాలి."

"ఇంకో గంటన్నరలో దిగిపోతాం!"

"కనబడితే దిగుతాం."

సున్నివా కాసేపు ఆమె మొహంలోకి చూసింది. "మళ్ళీనా వదినా? మళ్ళీ ఇదేనా?"

పన్నెండేళ్ళ తర్వాత ఆ పిలుపు వినడం. హాల్దిస్ పార బయటికి తీసింది. "అవును. మళ్ళీ ఇదే."

"అక్కడ నా చెల్లెలు..."

"తెలుసు."

"తెలిస్తే పార తీస్తావా? సరే, నువ్వు తవ్వుకో, పడుకో. నీకది అలవాటేగా. నేను పోతున్నా."

వెళ్ళింది. ఐదడుగులు వేసేసరికి కనబడలేదు. హాల్దిస్ వెంట పోలేదు. పోతే ఇద్దరూ తప్పిపోతారు. పార రేకుతో స్కీ ఇనుప అంచు మీద కొట్టడం మొదలుపెట్టింది. మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ మూడు. అలా కొడుతూ నిలబడ్డ ఆ పది నిమిషాలూ తన జీవితంలో అన్నింటికన్నా పొడవైనవని చాలా ఏళ్ళకి చెప్పింది. అప్పుడు మాత్రం లెక్కగా కొట్టడం మీదే మనసు పెట్టింది.

సున్నివా తిరిగి వచ్చింది. వెళ్ళింది ఎదురుగా. వచ్చింది హాల్దిస్ వీపు వెనక నుంచి. తిన్నగా పోతున్నాననుకుంటూ గుండ్రంగా తిరిగింది. ఆ సంగతి ఇద్దరికీ అర్థమైంది.

"పైకోటు విప్పు" అంది హాల్దిస్.

"ఈ చలిలోనా?"

"తవ్వేటప్పుడు చెమటపడితే, తర్వాత ఆ తడే నిన్ను చంపుతుంది. విప్పి సంచిలో పెట్టు. నేను తవ్వి వెనక్కి తోస్తా, నువ్వు బయటికి లాగు."

సున్నివా చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి, కొండనీ, తుఫానునీ, ఆడబిడ్డనీ, ఆడబిడ్డ తాతముత్తాతల్నీ తిట్టింది.

"ఊరికే నిలబడి తిట్టే బదులు మంచు లాగుతూ తిట్టు. వెచ్చగా ఉంటుంది" అని లోపలినుంచి వినబడింది.

లాగింది. బలమైన మనిషి. హాల్దిస్ ముందు మోకాళ్ళెత్తున సన్నటి దారి తవ్వి, తర్వాత పారని పైకి మళ్ళించింది. కూర్చునే అరుగు దారికంటే ఎత్తులో ఉండాలి, చల్లటి గాలి బరువుగా కిందికి జారిపోవాలి. చేతి తొడుగుతో లోకప్పుని కుండ లోపలిభాగంలా నున్నగా రాసింది. గరుకుగా వదిలితే మనుషుల వేడికి కరిగి చుక్కచుక్కా మీదే పడుతుంది. కర్రతో కప్పుకి గాలికన్నం పొడిచి, కర్రని అందులోనే ఉంచింది. బయట రెండు జతల స్కీలని కత్తెరలా నిలబెట్టి పాతారు, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే కనబడేట్టు. పారని లోపలికి తెచ్చుకున్నారు. గంటంబావు పట్టింది. గుమ్మానికి సంచి అడ్డం పెట్టి, సందుల్లో మంచు కుక్కేసరికి గాలి హోరు ఎవరో తలుపేసినట్టు ఆగిపోయింది.

పైకోట్లు మళ్ళీ తొడుక్కుని, కొవ్వొత్తి వెలుగులో ఇద్దరూ మోకాళ్ళు తగిలేట్టు కూర్చున్నారు. కింద చుట్టలు చుట్టిన తాడు, ఖాళీ సంచి పరిచారు. సున్నివా పళ్ళు టకటకలాడుతున్నాయి.

"కాలివేళ్ళు తెలుస్తున్నాయా?"

"ఎడమవి తెలీడం లేదు."

"బూటు విప్పు. ఇటివ్వు."

పన్నెండేళ్ళుగా మాట్లాడని మరదలి పాదాన్ని హాల్దిస్ తన ఉన్నిచొక్కా కిందికి లాక్కుని కడుపుకి ఆనించుకుంది. "అమ్మో! చచ్చిన చేప ఇంతకన్నా నయం" అంది. సున్నివా నవ్వలేదు. కాలు మాత్రం లాక్కోలేదు.

అలా ఒక గంట గడిచింది. మేక చీజు, ఎండుమాంసం పంచుకున్నారు. ఫ్లాస్కులో కాఫీ చెరో రెండు గుక్కలు. హాల్దిస్ మధ్యమధ్యలో కర్ర కదిలించి గాలికన్నం పూడకుండా చూస్తోంది. కొవ్వొత్తి మంట కుంచించుకుపోతే గాలి చెడిందని గుర్తు. అది ఒకసారి కుంచించుకుంది కూడా. కర్రతో కాసేపు పొడిచాక మళ్ళీ లేచింది.

"ఆ రోజు ఎంతసేపున్నావు?" అని సున్నివా ఉన్నట్టుండి అడిగింది.

ఏ రోజని హాల్దిస్ అడగలేదు. "పదిహేను గంటలు."

"నువ్వొక్కదానివే?"

"ఒక్కదాన్నే."

"నిద్రపోయావా?"

ఈ ప్రశ్న ఊళ్ళో అందరి మనసులోనూ ఉండేది. మొహం మీద ఎవరూ అడగలేదు. లేదని ఒక్క మాట అంటే చాలు, అది అబద్ధమనడానికి సాక్షి కూడా లేరు.

"పోయాను. రెండు గంటలు, ఇంకా ఎక్కువేనేమో. పోకూడదనుకున్నాను, పోయాను. అంతకుముందు వ్రోలిలో రెండు రాత్రులు నిద్ర లేదు."

"అంటే నేనన్నది నిజమే."

"నిజమే."

"నువ్వు నిద్రపోకపోతే..."

"నిద్రపోకపోయినా గాలి ఆగేది కాదు. ఆగలేదనే అనుకుంటాను. నిద్రలో ఉండగా మధ్యలో ఒక గంట తెరిపిచ్చిందేమో, నాకేం తెలుసు? తెలియదు. అదే నన్ను తినేస్తుంటుంది. నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు."

ఆడబిడ్డ కాదంటుందనీ, బొంకుతుందనీ, అప్పుడు మొహం మీద ఉమ్మేయాలనీ పన్నెండేళ్ళుగా అనుకుంటూ వచ్చానని సున్నివా తర్వాత కూతురికి చెప్పింది. ఎదురుగా కూర్చున్న మనిషేమో ఒప్పుకుని, కర్ర కదిలిస్తూ ఉంది. ఇందాక తను వేసిన వందడుగులు కూడా సున్నివాకి గుర్తొచ్చాయి. కళ్ళు తెరిచినా మూసినా ఒకే తెలుపు. ఆ తెలుపులో చెల్లెలు ఎటుందో, ఇల్లెటుందో, చివరికి కింద ఎటో పైన ఎటో కూడా తెలియలేదు.

"వాడికి పేరు పెట్టుకున్నాను" అంది చివరికి. "బాప్తిజం లేదు కాబట్టి ఎక్కడా రాయలేదు. నీ తమ్ముడికి కూడా చెప్పలేదు."

"ఏం పేరు?"

"గుత్తోర్మ్. మా తాత పేరు."

"గుత్తోర్మ్" అంది హాల్దిస్, గుర్తు పెట్టుకునేట్టుగా.

కాసేపటికి సున్నివా కర్ర కోసం చెయ్యి చాపింది. "ఇటివ్వు. పొద్దున్నుంచీ ముందు నడిచింది నువ్వు, తవ్వింది నువ్వు. కాసేపు కళ్ళు మూసుకో. అక్కడికెళ్ళాక చేతులు వణికితే ఏం చేస్తావు?"

హాల్దిస్ ఆమె వంక అనుమానంగా చూసింది. "మంట తగ్గితే..."

"తెలుసు. చూశాను. పడుకో వదినా."

పడుకుంది. గోడకి జేరబడి నోరు తెరుచుకుని గురక పెట్టింది. సున్నివా కర్ర కదుపుతూ, మంట చూస్తూ, ప్రతి అరగంటకీ భుజం తట్టి లేపి, కాళ్ళు కదపమని చెప్పి, మళ్ళీ పడుకోనిచ్చింది. అలా మూడుసార్లు.

సాయంత్రం ఆరున్నరకి కర్ర పైకి తోస్తే కన్నంలోంచి పసుపుపచ్చటి వెలుగు కనబడింది. గుమ్మానికి పేరుకున్న మంచుని లోపలినుంచి తవ్వుకుని బయటికి పాకారు. గాలి పడిపోయింది. పాతిన స్కీలు సగానికి పైగా పూడిపోయాయి. తాము నిలబడ్డ చోటుకి కుడివైపున, సున్నివా పొద్దున వెళ్ళిన దిక్కునే, రెండువందల అడుగుల దూరంలో నేల ఒక్కసారిగా తెగి, వాగు నిట్టనిలువుగా లోయలోకి దిగుతోంది. ఇద్దరూ దాన్ని చూశారు. సున్నివా తొడుగులు వేసుకుంది. "పద, పొద్దుండగానే దిగుదాం" అంది.

ఎండ ఇంకా కొండకొసల మీద ఉండగానే వ్రోలి చేరారు. ఐవిన్ వాకిట్లోనే ఎదురొచ్చాడు, చొక్కాచేతులు మోచేతుల దాకా మడిచి, మొహం సున్నంలా పెట్టుకుని. మధ్యాహ్నం రెండింటికే ఆడపిల్ల పుట్టింది. పక్క కమతం ముసలమ్మ సాయం పట్టింది. బొడ్డు తాడు గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెరతో తనే కోశాడట.

"కత్తెర మరిగించావా?" అంది హాల్దిస్.

"మరిగించాను. రెండుసార్లు."

"గొర్రెని కోసినట్టు కొయ్యలేదు కదా?"

"నవ్వకండమ్మా, కోశాక నేనే పడిపోయాను."

తల్లీ పిల్లా బాగున్నారు. హాల్దిస్ బొడ్డు విప్పి చూసి మళ్ళీ శుభ్రంగా కట్టి, డాగ్ని పొట్ట నొక్కి చూసి, చెయ్యాల్సిందేమీ మిగల్లేదని చెప్పింది. ఆ రోజు ఆ బిడ్డకి ఆమె అవసరం పడలేదు. ఆగినా, ఆగకపోయినా అది పుట్టేదే. పన్నెండేళ్ళ కిందటి సంగతికి అందులో జవాబేమీ దొరకలేదు. దొరికిందని ఇద్దరిలో ఎవరూ అనలేదు. సున్నివా చెల్లెలి మంచం పక్కన కూర్చుని, పాప గుప్పిట విప్పి చూస్తూ, హఠాత్తుగా బిగ్గరగా ఏడ్చింది. వంటింట్లో చేపల పులుసు తింటున్న హాల్దిస్ చెంచా పక్కన పెట్టింది గాని, లేచి వెళ్ళలేదు. ఏడుపు ఆగాక మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

ఊళ్ళో వాళ్ళు పెద్ద సయోధ్య కోసం ఎదురు చూశారు. అలాంటిదేమీ జరగలేదు. చర్చిలో కూర్చునే చోట్లు మారలేదు. ఆ ఏడు సెప్టెంబరులో హాల్దిస్ ఒంటరిగా బంగాళాదుంపలు తవ్వుకుంటూ ఉంటే, సున్నివా బుట్ట పట్టుకుని వచ్చి అవతలి చాలు మొదలుపెట్టింది. పిలవలేదు, అడగలేదు. పని చేస్తున్నంతసేపూ విత్తనం మంచిది కాదనీ, చాళ్ళు వంకరపోయాయనీ సాధించింది. హాల్దిస్ తిరిగి నాలుగు మాటలంది. తారాల్ ఆ రోజు తన ఇంటి మెట్ల మీద కూర్చుని వాళ్ళ కేకలు వింటూ చాలాసేపు ఉన్నాడు.

అరవై ఆరులో రోడ్డుకి సొరంగం పడింది. పురుళ్ళు ఆస్పత్రికి పోయాయి, హాల్దిస్‌కి పింఛను ఇచ్చారు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. ఆఖరి రెండేళ్ళూ మోకాళ్ళు వంగక మంచం పట్టింది. మధ్యాహ్నం పూట వేడి గిన్నె పట్టుకుని సున్నివా నాలుగువందల అడుగులూ నడిచి వచ్చేది.

ఆడబిడ్డని క్షమించావా అని పాస్టరు గారి భార్య ఒకసారి సున్నివాని అడిగింది. సున్నివా గిన్నె మీద మూత సర్దుకుంటూ, "కోపం ఎక్కడికి పోతుందండీ, ఉంది" అంది. "కోపం ఉంటే మటుకు అన్నం పెట్టకూడదా? తప్పుకోండి, చల్లారిపోతోంది."